ఇరవై మూడు షరతులు

మీ ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే ఈ వ్యాసం చదివేటంత తీరుబడి మీకుండదు. పిల్లలు పెద్దవాళ్ళయిపోయి ఉంటే ఇందులో సంగతులు మీకు నాకంటె బాగా తెలుసు. ఇక మిగిలింది, ఇంకో నెలకో రెండు నెలలకో సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరవలసిన తల్లులూ, వాళ్ళ భర్తలూ, వాళ్ళ అత్తగార్లూ. వాళ్ళ కోసం వ్రాస్తున్నాను. తక్కినవాళ్ళు వింటానంటే కాదనను.

మొన్న మా కళాశాలలో ఒక చిన్న ముచ్చట జరిగింది. మాతోపాటు పని చేసే అమ్మాయి ఒకతె ఉంది. రసాయన శాస్త్రం చెబుతుంది. ప్రసవానికి సెలవు పెట్టిన మనిషి ఉన్నట్టుండి స్టాఫురూములోకి వచ్చింది. పాపను తెచ్చిందేమోనని అందరం లేచాం. పాప లేదు, చేతిలో రెండు కాగితాలున్నాయి. 2017లో చట్టం సవరించిన తరవాత 26 వారాల సెలవు వస్తోంది గదా, అందులో ఇక మూడు వారాలే మిగిలాయట. ఆయాను కుదుర్చుకుందట. ఆ ఆయాకు ఇవ్వటానికి షరతులు వ్రాసుకొచ్చింది.

"మేడం, మీరు తెలుగు ఎం.ఏ. గదా! ఇందులో భాషాదోషాలేమైనా ఉంటే దిద్దిపెట్టండి" అంది.

ఇరవై ఏళ్ళుగా దిద్దటమే నాకు కూడు పెడుతోంది. ఎర్రకలం తీశాను. షరతులు మొత్తం ఇరవై మూడు. "పాపను ఏ పరిస్థితిలోనూ ఏడవనివ్వరాదు" అన్నది మూడోది. ఏడవని పాప ఇంతవరకు నా ఎరుకలో ఎవరింటా పుట్టలేదు. "పాప నిద్రించు సమయమున బట్టలు మడత పెట్టవలెను, కూరలు తరిగి ఉంచవలెను" అన్నది ఏడోది. "పనివేళల్లో సెల్‌ఫోను వంక చూడరాదు" అన్నది పదకొండోది. దాని కిందనే పన్నెండోది: "నేను ఫోను చేసిన వెంటనే ఎత్తవలెను."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నా మొహం వంకే చూస్తోంది, పరీక్ష పేపరు చేతికివ్వబోతున్నప్పుడు విద్యార్థులు చూసినట్టు. భాషాదోషాలు మూడే కనిపించాయి. శుభ్రతలో ఒక వత్తు పోయింది, జాగ్రత్త జాగర్త అయింది, అంతే. కాని ఆ కాగితం అప్పుడే తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. "ఇంటికి పట్టుకెళ్ళి రేపు ఇస్తాను" అన్నాను.

ఎందుకంటే ఇట్లాంటి కాగితం ఒకటి నేనూ వ్రాశాను. నాది పందొమ్మిది షరతులే.

మా అమ్మాయి 2012 ఫిబ్రవరిలో పుట్టింది. అప్పట్లో మాబోటి ప్రైవేటు ఉద్యోగులకు చట్టం చెప్పిన సెలవు 12 వారాలు. ఎప్పటిదో 1961 నాటి చట్టం. మేం గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుండేవాళ్ళం. మావారిది బాంకు ఉద్యోగం. తెనాలి దగ్గర పల్లె నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు గాని, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మనవరాలిని ఒళ్ళో పెడితే ఎంతసేపైనా ఆడిస్తారు. ఒళ్ళో నుంచి దిగితే మాత్రం ఆవిడ వల్ల కాదు.

"ఊళ్ళోంచి ఒక చిన్నపిల్లను తెచ్చుకుందామే. పన్నెండేళ్ళది ఉంది, చురుకైనది. అన్నం పెట్టి బట్టలిస్తే సరిపోతుంది" అన్నారు అత్తగారు.

"పిల్లను చూట్టానికి ఇంకో పిల్లా?" అన్నారు మావారు. "పధ్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోగూడదని 2006లోనే నిషేధించారమ్మా. పోలీసులు పట్టుకుపోతారు."

అత్తగారు పోలీసులకు భయపడే మనిషి కాదు గాని, కొడుకు మాట తీసెయ్యలేదు. చివరికి మాకు పాలుపోసే ఆవిడ ఒక మనిషిని పట్టుకొచ్చింది. నలభై ఏళ్ళ లోపు ఉంటాయి. నల్లపాడు వైపు నుంచి ఆటోలో రావాలి. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఇద్దరు పిల్లల తల్లి. నెలకు నాలుగు వేలడిగింది.

"పనేముంది, పిల్లను ఆడించటమే గదా!" అని మూడున్నర వేలకు దించాను.

ఆ మాట అన్న నోటితోనే, అంతకు వారం ముందు, ఒక్కర్తినీ పిల్లను చూసుకోలేక నడుం విరిగిపోతోందని మా అమ్మకు ఫోను చేసి ఏడ్చాను. మనుషులం, ఏం చేస్తాం! మన చేత్తో చేస్తే అది తపస్సు, డబ్బిచ్చి చేయిస్తే అది ఆడించటం.

ఆవిడ పేరు ఇక్కడ వ్రాయను. మా అమ్మాయికి మాటలొచ్చాక ఆయమ్మ అని పిలిచేది. ఇప్పటికీ మాకు ఆవిడ ఆయమ్మే.

ఆయా అన్న మాట మనది కాదు. పోర్చుగీసు వాళ్ళ దగ్గర నుంచి ఈ దేశం భాషల్లోకి వచ్చింది, బల్లకట్టు మీద ఏరు దాటినంత సులువుగా. దొరసానులు పిల్లల్ని సాకటానికి ఆయాల్ని పెట్టుకునేవారు. సీమకు పోయేటప్పుడు ఓడలో పిల్లల్ని చూసుకోవటానికి వెంట తీసుకుపోయేవారు. తీరా లండను చేరాక, ఇక అవసరం తీరిందని, తిరుగు ప్రయాణానికి డబ్బయినా ఇవ్వకుండా కొందరు వాళ్ళను వదిలేశారు. అట్లా చిక్కుపడిపోయిన ఆయాల కోసం లండనులో ఒక శరణాలయమే ఉండేది. హాక్నీ అనే పేటలో ఆ ఇంటి గోడకు 2022లో జ్ఞాపక ఫలకం పెట్టారు. ఆ వార్త చదివిన రోజున మా ఇంటి ఆటోచార్జీల సంగతి జ్ఞాపకం వచ్చి కాసేపు పత్రిక పక్కన పెట్టాను. ఆ సంగతికి తరవాత వస్తాను.

మనవాళ్ళు దాది అన్నారు. సంస్కృతంలో ధాత్రి. భూమికీ అదే పేరు, పాలిచ్చి పెంచే మనిషికీ అదే పేరు. చరక సంహితలో శారీరస్థానమని ఒక భాగం ఉంది. దాదిని ఎట్లా ఎంచుకోవాలో అందులో ఉంది. వినయం ఉండాలట, రోగం ఉండగూడదట, శుచిగా ఉండాలట, దురలవాట్లు ఉండగూడదట, పిల్లలంటే వాత్సల్యం ఉండాలట. మా రసాయనశాస్త్రపు పిల్ల వ్రాసిన జాబితాకు పూర్వరూపం అన్నమాట. అందులో ఒక షరతు దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఆ దాదికి తన బిడ్డ బతికి ఉండాలి. పాల కోసం, ఆరోగ్యం కోసం ఆ మాట వ్రాశారు, నిజమే. మరి ఆవిడ మన బిడ్డ దగ్గర ఉన్నంతసేపూ ఆ బతికి ఉన్న బిడ్డను ఎవరు చూస్తారో, అది మాత్రం అక్కడ లేదు. నా పందొమ్మిది షరతుల్లోనూ లేదు.

సరే, మా ఆయమ్మ పనిలో చేరింది. మొదటి నెల అంతా మా ఇంట్లో ఆవిడకు యజమానులు ముగ్గురు. నేను, అత్తగారు, పిల్లల డాక్టరు గారు. ఈ మూడోవారు ఇంట్లో లేకపోయినా ఆయన మాట నా నోట్లో ఉండేది. అత్తగారు తేనె నాకించమనేవారు. ఏడాది నిండేదాకా తేనె చుక్కైనా పెట్టవద్దనీ, అందులో ఒక రకం సూక్ష్మజీవి ఉంటే పసిపిల్లలకు ప్రమాదమనీ డాక్టరు గారు చెప్పారు. అత్తగారు చెవుల్లో నూనె చుక్కలు వెయ్యమనేవారు, వద్దని నేను. వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తే మాటలు తొందరగా వస్తాయని ఆవిడ. ఆర్నెల్ల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టవద్దన్నారని నేను. ఆయమ్మ ఇద్దరికీ "అట్లాగేనమ్మా" అనేది. నేను గుమ్మం దాటాక ఏం జరిగేదో ఆ పరమాత్ముడికి తెలియాలి.

ఒకరోజు ఆ అమ్మాయి, అమ్మాయేమిటి, నాకంటె ఆరేడేళ్ళు పెద్దది, నెమ్మదిగా నాతో అంది:

"అమ్మా, మీరూ పెద్దమ్మగారూ ముందు ఒక మాట మీదికి రండి. నేను ఎవరి మాట విన్నా ఇంకొకరికి దొంగనవుతున్నా."

నాకు కోపం వచ్చింది. పనిమనిషి నాకు బుద్ధి చెప్పటమా అని. కాని ఆ రాత్రి మావారి ఎదుట నేనూ అత్తగారూ కూచుని రాజీపడ్డాం. సాంబ్రాణి ధూపం గది బయట వరకే, నలుగు స్నానం ఆవిడ ఇష్టం, తేనే నూనే నా ఇష్టం. రెండు దేశాల మధ్య సంధి కూడా ఇంత వివరంగా వ్రాసుకోరేమో.

అత్తగారితో రాజీ అయింది గాని నాతో నాకు కాలేదు. నా మూడున్నర వేలకు నేను కొన్నది ఒక మనిషి రోజంతా అనుకున్నాను. పాప నిద్రపోతుంటే ఆవిడ కూచుని ఉండటం నేను చూడలేకపోయేదాన్ని. ముందు పాలసీసాలు కడగమన్నాను. తరవాత పాప బట్టలు. తరవాత మా బట్టలు. తరవాత రెండు గిన్నెలే గదా అన్నాను. పసిపిల్ల నిద్రపోయే ఆ గంటన్నర ఆయాకు విశ్రాంతి కాదు, తరవాత నాలుగు గంటలకు కావలసిన ఓపిక అని నాకు చాలా ఆలస్యంగా బోధపడింది. క్లాసుకూ క్లాసుకూ మధ్య మాకు ఒక గంట ఖాళీ ఇవ్వకపోతే ప్రిన్సిపాలు గారి గదికి ఊరేగింపుగా వెళ్ళే మనుషులం మేము!

సెప్టెంబరులో ఒకనాడు ధర్మామీటరు పగిలింది. పాపకు జ్వరం చూస్తుంటే పాప చెయ్యి విసిరింది, అది జారి నేలన పడింది. నేను వచ్చేసరికి పాదరసం గచ్చు మీద ముత్యాల్లా దొర్లుతోంది. ఆయమ్మ పాపను చంకన వేసుకుని గుమ్మం బయట నిలబడి ఉంది. పాపను దించలేదు, గదిలోకి ఎవరినీ పోనివ్వలేదు. ఆ సమయంలో చెయ్యవలసిన పని సరిగ్గా అదే. రసాయనశాస్త్రం చదివినవాళ్ళు కూడా అంతకంటె చెయ్యరు. మెచ్చుకోవలసిన నేను, ఆ నెల జీతంలో వంద రూపాయలు కోశాను. వంద రూపాయల కోసం కాదు, జాగ్రత్త తెలియాలని, అని మావారితో అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అన్నట్టయితే బాగుండేది.

నవంబరు వచ్చింది. పాపకు తొమ్మిది నెలలు. ఒకరోజు సాయంత్రం నేను వచ్చేసరికి ఇల్లు మామూలుగానే ఉంది. ఆయమ్మ చెంగు దులుపుకుని, "పాలు తాగిందమ్మా, పడుకుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. రాత్రి తొమ్మిదింటికి పాపకు వాంతి అయింది. పావుగంటకు మళ్ళీ అయింది. పిల్ల మత్తుగా ఉంది. ఒళ్ళు కాలటం లేదు. ఆటో ఎక్కి ఆస్పత్రికి పరుగెత్తాం.

"ఎక్కడైనా పడిందా?" అని అడిగారు డాక్టరు గారు.

"లేదండీ" అన్నాను, గట్టిగా.

"ఇవాళ పగలు ఎవరి దగ్గర ఉంది?"

ఆ ప్రశ్నకు నా నోట్లో తడి ఆరిపోయింది. నేను ఎవరి తరఫున గట్టిగా చెబుతున్నాను? పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా నా కూతురి జీవితంలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఇంకొక మనిషి చెప్పిందే నాకు తెలుసు. మావారు ఆస్పత్రి మెట్ల మీద నిలబడి ఆయమ్మకు ఫోను చేశారు. చాలాసేపటికి వాళ్ళ పిల్లవాడు ఎత్తి తల్లికిచ్చాడు. ఫోను నేను లాక్కున్నాను.

"నిజం చెప్పు. పాప పడిందా?"

అవతల నుంచి మాట లేదు. ఎక్కడో కుక్క మొరుగుతోంది.

"పడిందమ్మా" అంది చివరికి. "పదకొండింటికి. మంచం మీంచి. నేను సీసాలు కడగటానికి పెరట్లోకి పోయా. పెద్దమ్మగారు స్నానానికెళ్ళారు. పడగానే ఏడ్చింది, కాసేపటికి పాలు తాగింది, ఆడుకుంది. ఏం కాలేదనుకున్నా."

డాక్టరు గారికి అదంతా చెప్పాను. ఎంత ఎత్తు నుంచి, ఎన్ని గంటలకు, పడగానే ఏడ్చిందా, స్పృహ తప్పిందా, ఎన్నిసార్లు పాలు తాగింది అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని పాపను రాత్రంతా అక్కడే ఉంచి కనిపెట్టి చూశారు. గంటకొకసారి నర్సు వచ్చి కళ్ళల్లో దీపం వేసి చూసేది. తెల్లవారుజామున పాప లేచి, నా మెడలో గొలుసు పట్టుకుని గుంజింది. ఆ గుంజటం ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

"గండం గడిచింది. కాని ఈ పదకొండు గంటల సంగతి మీకు సాయంత్రమే తెలిసి ఉండవలసింది" అన్నారు ఆయన. ఆ మాట ఎవరిని అన్నట్టో అప్పుడు నాకేమీ సందేహం లేదు.

పొద్దున్న ఇంటికి వచ్చేసరికి ఆయమ్మ మెట్ల మీద కూచుని ఉంది. రాదేమో అనుకున్నాను. పాపను చూడగానే లేచి, చెయ్యి చాపబోయి, మళ్ళీ వెనక్కు తీసుకుంది. ఆమెను ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాను. తెలుగు ఎం.ఏ. గదా, మాటలకు కొదవా! అన్నీ అన్నాను. చివరికి "పడితే పడింది, సాయంత్రం నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

ఆవిడ నేల చూపులు చూస్తూ అంది: "ధర్మామీటరుకు వంద కోశారమ్మా. పాపకు ఎంత కోస్తారో అనుకున్నా."

నేను ఇంక మాట్లాడలేదు. పాపను ఎత్తుకుని అట్లాగే నిలబడ్డాను. లోపల నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఇహ చాల్లే, లోపలికి రమ్మను దాన్ని. మీ ఆయన చిన్నప్పుడు నా చేతిలోంచి రెండుసార్లు పడ్డాడు. ఒకసారి బావి చపటా మీదే పడ్డాడు. మా అత్తగారు పోయేదాకా ఆవిడకు చెప్పలేదు. చెబితే ఊరుకుంటుందా!"

మావారు తల తడుముకున్నారు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఆయమ్మను మానిపించలేదు. అయితే ఆ ఆదివారం కూచుని నా పందొమ్మిది షరతుల కాగితం చింపేశాను. బజారుకెళ్ళి ఒక రూళ్ళ పుస్తకం, పెన్సిలు కొనుక్కొచ్చి వంటింటి గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. పాలు తాగిన వేళ, నిద్రపోయిన వేళ, విరేచనం, పడటం, గీరుకోవటం, ఏది జరిగితే అది ఆయమ్మ అందులో వ్రాయాలి. అందులో వ్రాసినదానికి జీతం కొయ్యటం గాని, కేకలు వెయ్యటం గాని ఉండదు. ఇది నా షరతు, నాకు నేనే పెట్టుకున్నది. వంద రూపాయలు తిరిగి ఇచ్చాను. ఆవిడ తీసుకుని కొంగున ముడివేసుకుంది, ఏమీ అనలేదు. గిన్నెలు మానిపించాను. సీసాలు కడగటం మాత్రం పాప నిద్రపోయాకే, పాప పడుకునేది కింద పరుపు మీదే. ఈ ఏర్పాటు ముందే చేసి ఉంటే ఆ రాత్రి మాకు వచ్చేదే కాదు.

మొదటి వారం పుస్తకంలో అన్నీ మంచి వార్తలే ఉన్నాయి. నాకు నమ్మకం కలగలేదు. రెండో వారం ఒక పేజీలో ఇట్లా ఉంది: "పెద్దమ్మగారు తేనె పెట్టినారు. ఒక చుక్క. నేను వద్దన్నాను." అప్పటి నుంచి నమ్మాను. అత్తగారు మాత్రం ఆ పుస్తకాన్ని చిత్రగుప్తుడి చిట్టా అనేవారు.

ఆదివారం సెలవు సంగతి ఆ తరవాత వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపని చేసేవారిని కనీస వేతనాల పట్టికలో 2007లోనే చేర్చారని నాకు ఎప్పటికో తెలిసింది. నేను బేరమాడింది 2012లో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో జెనీవాలో ఇంటిపనివారి కోసం 189 నంబరు ఒడంబడిక ఒకటి చేసింది. పని షరతులు వాళ్ళకు ముందే తెలియజెయ్యాలి, వారానికి ఏకబిగిన 24 గంటలైనా విశ్రాంతి ఇవ్వాలి అని అందులో ఉంది. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది గాని, ఇంతవరకు ధ్రువీకరించలేదు. మా ఇంట్లోనూ అంతే. వారానికొక రోజు సెలవు న్యాయమేనని అందరం ఒప్పుకున్నాం. ఏ వారానికా వారం ఏదో ఒక పెళ్ళో, పరీక్షల డ్యూటీయో వచ్చి పడేది.

అట్లాంటి పరీక్షల రోజుల్లోనే ఒకనాడు అయిదింటికి రావలసినదాన్ని ఏడున్నరకు వచ్చాను. ఆయమ్మ మొహం మాడి ఉంది. ఆటోలు దొరకని వేళ. పాపం అని మావారిని స్కూటరు మీద దిగబెట్టి రమ్మన్నాను. ఆయన తిరిగి వచ్చి చెప్పిన మాట ఇది. ఆ ఇంటి గుమ్మంలో దీపం లేదట. పదకొండేళ్ళ ఆడపిల్ల నాలుగేళ్ళ తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని కూచుని ఉందట. ఆ పిల్ల బడికి సగం రోజులు పోవటం లేదట, తమ్ముణ్ణి చూసుకునే దిక్కు లేక.

పన్నెండేళ్ళ పిల్లను పనికి పెట్టుకోలేదని మేం ఎంత గొప్పలు చెప్పుకున్నామో! ఆ పని ఒక పిల్ల చేస్తూనే ఉంది. మా ఇంట్లో కాదు, నల్లపాడు వైపు.

మరునాటి నుంచి పిల్లవాణ్ణి కూడా తీసుకు రమ్మన్నాను. అత్తగారు రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు నుంచి వాడికి ఎక్కాలు చెప్పటం మొదలెట్టారు. ఆటోచార్జీలు మేమే ఇచ్చాం. అయిదు దాటి నేను ఆలస్యమైతే గంటకింత అని లెక్క కట్టాం. విచిత్రమేమంటే, లెక్క కట్టిన నాటి నుంచి నాకు ఆలస్యం కావటం మానేసింది!

ఇన్ని జరిగినా ఒకటి మాత్రం చెప్పక తప్పదు. ఆవిడ మీద నాకు ఈర్ష్య ఉండేది. పాప నిద్రలో ఉలిక్కిపడితే నా చేతుల్లో ఉండి కూడా ఆయమ్మ వైపు తల తిప్పేది. క్లాసులో పోతన గారి దశమస్కంధం చెబుతూ, యశోద కన్నతల్లి కాకపోతేనేం అని పిల్లల ముందు గొంతు గద్గదం చేసుకునేదాన్ని. ఇంటికి వచ్చి ఆ యశోదను చూసి మొహం గంటు పెట్టుకునేదాన్ని. ఆయా మన పిల్లను ప్రేమించాలని కోరుకుంటాం, మన పిల్ల మాత్రం ఆయాను మరీ అంత ప్రేమించగూడదు. ఇంతకంటె అన్యాయపు షరతు ఇంకోటి ఉంటుందా? నేను వ్రాయలేదు గాని, అది నా ఇరవయ్యోది.

పాప ఆరో ఏడు దాకా ఆవిడ మా ఇంట్లోనే ఉంది. కూతురు నర్సింగు చదువులో చేరాక మానేసింది. ఉగాదికి ఫోను చేస్తుంది.

సరే, మా రసాయనశాస్త్రపు పిల్ల కాగితం. రాత్రి కూచుని ఎర్రకలంతో దిద్దాను. బట్టలు, కూరలు కొట్టేశాను. ఏడుపు కొట్టేశాను. స్నానాల గదిలో బకెట్టుతో నీళ్ళు ఉంచవద్దన్నది ఉంచి, కింద రెండు గీతలు గీశాను. నడక వచ్చీరాని పిల్లకు బెత్తెడు నీళ్ళు చాలు. వేరుశనగ గుళ్ళు, శనగలు గొంతుకు అడ్డం పడతాయి, పెట్టవద్దన్నదీ ఉంచాను. పాపను ఇంకొకరి చేతికి ఇచ్చి బయటికి పోవద్దన్నది సరే. పిల్ల మీద చెయ్యి చేసుకోగూడదన్నది సరేసరి, దానికి రాజీ లేదు. ఫోను షరతులు రెండూ కలిపి ఒకటి చేశాను. ఇరవై మూడింటిలో ఆరు మిగిలాయి. కింద ఖాళీ ఉంటే నేనే వ్రాశాను: "సెలవు ఏ రోజు? ఎన్నింటికి వెళ్ళిపోవచ్చు? పాప పడితే చెప్పినందుకు మీరేం చేస్తారు?"

మర్నాడు ఆ పిల్ల కాగితం చూసి తెల్లబోయింది. "మేడం, తెలుగు తప్పులే దిద్దమన్నాను" అంది. తరవాత చివరి ప్రశ్న చదివి, కాసేపు ఆలోచించి, "ఇదంతా ఎందుకండీ, హాల్లో కెమెరా పెట్టిస్తున్నాం గదా" అంది.

"పెట్టించు, కాని పెట్టించానని ఆవిడకు ముందే చెప్పు. పెరట్లో, స్నానాల గదిలో, పార్కులో ఏం జరిగిందో మాత్రం ఆవిడ చెబితేనే నీకు తెలుస్తుంది" అన్నాను. ఒప్పుకుందో లేదో తెలియదు. వచ్చే సోమవారం చేరుతుంది, చూడాలి.

ఆ రాత్రి, ఆ పిల్లకు చూపిద్దామని, అటకమీద పెట్టె దింపి మా పాత రూళ్ళ పుస్తకం వెతికాను. మొదటి పుస్తకమే దొరికింది. బొద్దింకలు అంచులు కొరికాయి గాని అక్షరాలు పోలేదు. పేజీలు తిప్పుతుంటే 2013 మార్చిలో ఒక మంగళవారం దగ్గర పెన్సిలుతో కొట్టేసిన వరస ఒకటి కనిపించింది. పైన పాల లెక్క ఉంది, కింద నిద్ర లెక్క ఉంది. మధ్యన ఆ ఒక్క వరసే కొట్టేసి ఉంది. అద్దాలు పెట్టుకుని దీపం దగ్గరగా పట్టుకుని చదివాను.

"3 గం. పాప నాలుగు అడుగులు వేసింది."

మా అమ్మాయి మొదటి అడుగులు వేసింది గురువారం సాయంత్రం, నా కళ్ళెదుట. కళాశాల నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఆయమ్మ చెయ్యి వదిలి నా వైపు నడిచి వచ్చింది. ఆ తేదీ ఇంట్లో అందరికీ జ్ఞాపకమే. మావారు ఫొటో వెనక వ్రాసిపెట్టారు కూడా. ఆ సాయంత్రం ఆయమ్మ చప్పట్లు కొట్టి, "ఇప్పుడేనమ్మా! మీరు వచ్చేదాకా ఆగింది చూశారా!" అంది.

ఏది జరిగితే అది వ్రాయాలని ఆవిడతో ఒప్పందం చేసుకున్నది నేనే. వ్రాసింది కూడా. తరవాత కొట్టేసింది.

పుస్తకం నా బల్ల సొరుగులో ఉంది. మా సహోద్యోగినికి ఇంకా చూపించలేదు. మావారికి కూడా చెప్పలేదు. ఉగాదికి ఆయమ్మ ఫోను చేసినప్పుడు అడుగుదామా అని ఒకసారి, అడగగూడదని ఒకసారి అనిపిస్తోంది.